మాకు రెండు తక్కువ: స్పానిష్ ‘ఫల్తార్’ దగ్గర చిక్కు ఎక్కడ పడుతోంది

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. మెక్సికో క్లయింట్లతో మాట్లాడాలి కాబట్టి ఏడాదిగా స్పానిష్ నేర్చుకుంటున్నాను. ‘ఫల్తార్’ అనే క్రియ దగ్గర మాటిమాటికీ దెబ్బతింటున్నాను. రెండు ఇన్‌వాయిస్‌లు అందలేదని చెప్పడానికి ‘ఎస్తోయ్ ఫల్తాందొ దోస్ ఫక్తూరస్’ అని రాస్తే అవతలివాళ్ళకు అర్థం కాలేదు. ఇంకోసారి వాళ్ళే ‘సోలొ నొస్ ఫాల్తన్ దోస్ ఫక్తూరస్’ అని రాశారు. అందలేదేమో అనుకుని ఆ రెండూ మళ్ళీ పంపాను. తీరా చూస్తే, వాళ్ళు పరిశీలించాల్సినవి ఇంకా రెండే ఉన్నాయని దాని భావమట. వచ్చే నెల వేరే టీముకు మారుతున్నాను. వీడ్కోలు మెయిల్లో ‘లెస్ ఫాల్తొ మూచొ’ అని రాసి, పంపకుండా ఆపుకున్నాను. ఇంతకీ ఈ క్రియకు అర్థం లేకపోవడమా, మిగలడమా, రాకపోవడమా?

సమాధానం: మూడూను. ఆ వీడ్కోలు మెయిల్ ఆపి మంచి పని చేశారు, దాని సంగతి చివర్లో చెబుతాం. మూడు అర్థాలనూ విడివిడిగా బట్టీ పట్టనక్కర్లేదు. మూడింటి వెనకా ఉన్న ఊహ ఒక్కటే: ఒక లెక్క ఉంది, అది నిండాలి, దానికి ఏదో తక్కువైంది. తక్కువైంది వస్తువైతే ‘లేదు’ అంటాం, కాలమో పనో అయితే ‘ఇంకా ఉంది’ అంటాం, మనిషైతే ‘రాలేదు’ అంటాం. స్పానిష్‌వాళ్ళు వీటన్నిటికీ ఒకే క్రియ వాడతారు.

మీరు పడుతున్న ఇబ్బందిలో స్పానిష్ తప్పు తక్కువ. ఇంగ్లీషు ‘మిస్’ మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళడమే అసలు కారణం. తెలుగులోంచి నేరుగా వెళ్ళే దారి ఒకటుంది, చాలా దగ్గర.

ముందు పలుకు సంగతి. ఈ సమాధానంలో స్పానిష్ మాటల్లో నొక్కి పలకాల్సిన అచ్చుకు దీర్ఘం పెట్టాం, తక్కినవి హ్రస్వాలు. మెక్సికోవాళ్ళ ఉచ్చారణే తీసుకున్నాం. దీర్ఘం ఎక్కడుందో ఈ క్రియలో తప్పకుండా చూసుకోవాలి. ‘ఫాల్తొ’ అంటే ‘నేను తక్కువ’, ‘ఫల్తో’ అంటే ‘తక్కువైంది, రాలేదు’. రాతలో వీటి మధ్య తేడా చివరి అచ్చు మీద పెట్టే చిన్న గీత ఒక్కటే. ఇందులో ‘త’ మన ‘తల’లోని ‘త’యే, నాలుక పళ్ళకు తగలాలి. ఇంగ్లీషు అలవాటు కొద్దీ ‘ఫల్టార్’ అని ‘ట’ పలకకండి. తెలుగువాళ్ళకు పుట్టుకతో వచ్చిన శబ్దాన్ని చేజేతులా పోగొట్టుకున్నట్టే అవుతుంది.

ఇక ఆ దగ్గర దారి. ‘ఫల్తార్’ అని వినగానే మనసులో ‘తక్కువ’ అనుకోండి, మనిషికి ‘కు’ తగిలించండి.

‘మె ఫాల్తన్ ద్యేస్ పేసొస్’: నాకు పది పెసోలు తక్కువ.
‘అ ల కమీస లె ఫాల్త ఉన్ బొతోన్’: చొక్కాకు ఒక గుండీ తక్కువ.
‘ఫాల్తన్ సీంకొ పర లస్ న్వేబె’: తొమ్మిదికి ఐదు తక్కువ.
‘కే తె ఫాల్త?’: నీకేం తక్కువ?
‘సోలొ ఫల్తాబ ఏసొ!’: ఇక అదొక్కటే తక్కువ!

చివరిది చూడండి. కరెంటు పోయి, నీళ్ళు రాక, అప్పుడే చుట్టాలు దిగితే మన ఇళ్ళలో అనే మాట స్పెయిన్‌లోనూ మెక్సికోలోనూ అదే సందర్భంలో, అదే విసుగుతో వస్తుంది. ‘లొ కె ఫల్తాబ!’ అన్నా అంతే. రెండు భాషలకూ చుట్టరికం లేదు, ఊహ మాత్రం ఒక్కటే. నచ్చడానికి స్పానిష్‌లో ‘మె గూస్త’ ఉంది కదా, ‘నాకు నచ్చింది’ లాంటిది. అక్కడ మీకు ఇబ్బంది రాలేదంటే ఇక్కడా రాకూడదు, వాక్యం కట్టు అదే.

ఇప్పుడు మీ మొదటి వాక్యం. ‘ఎస్తోయ్ ఫల్తాందొ దోస్ ఫక్తూరస్’లో రెండు తప్పులున్నాయి. ‘ఎస్తోయ్’ అన్నారంటే కర్త ‘నేను’ అయిపోయింది. స్పానిష్‌లో ఈ క్రియకు కర్త తక్కువ పడిన మనిషి కాదు, తక్కువైన వస్తువు. తక్కువైంది ఇన్‌వాయిస్‌లు, మీరు కాదు. ‘నేను ఈమధ్య రావడం లేదు’ అని మొదలుపెట్టి, ఏ సంబంధమూ లేకుండా ‘రెండు ఇన్‌వాయిస్‌లు’ అని చివర తగిలించినట్టు వినిపించింది వాళ్ళకు. రెండోది, ఇంగ్లీషులో జరుగుతూ ఉన్నట్టు చెప్పే రూపాన్ని ఇక్కడ దింపారు. ఒక వస్తువు లేకపోవడం జరుగుతూ ఉండే పని కాదు, ఒక స్థితి. మామూలు వర్తమానం చాలు: ‘నొస్ ఫాల్తన్ దోస్ ఫక్తూరస్’. మాకు రెండు ఇన్‌వాయిస్‌లు తక్కువ. కంపెనీ తరఫున రాస్తున్నారు కాబట్టి ‘మె’ కాకుండా ‘నొస్’.

తెలుగు దారి ఎంత దగ్గరైనా అది మనల్ని పడేసే చోట్లు కొన్నున్నాయి. మొదటిది ఏకవచనం, బహువచనం. మన ‘తక్కువ’ కదలదు. ఒకటి తక్కువ, పది తక్కువ. స్పానిష్‌లో వస్తువును బట్టి క్రియ మారి తీరాలి. ‘ఫాల్త ఉన ఫక్తూర’, ‘ఫాల్తన్ దోస్ ఫక్తూరస్’. తెలుగువాళ్ళు రాసిన మెయిళ్ళలో ఎక్కువగా పోయేది ఈ చివరి ‘న్’. ‘నొస్ ఫాల్త దోస్ ఫక్తూరస్’ అంటే అర్థమవుతుంది, కానీ చదివేవాళ్ళకు పంటికింద రాయిలా తగులుతుంది. ‘నొస్’ బహువచనం కదా అని దాన్ని చూసి ‘న్’ పెట్టకూడదు. మనం ఎంతమందిమైనా తక్కువైంది ఒక్కటైతే ‘నొస్ ఫాల్త ల ఫీర్మ’, మాకు సంతకం ఒక్కటే తక్కువ. లెక్క పెట్టలేనివి, ‘పోకొ’ (కొంచెం), ‘మూచొ’ (చాలా) లాంటివి ఏకవచనమే. దారిలో పిల్లలు అడిగే ‘ఇంకెంత దూరం?’ కూడా ‘క్వాంతొ ఫాల్త?’ అనే.

రెండోది ‘లె’. తెలుగులో ‘చొక్కాకు’ అని ఒకసారి ‘కు’ పెడితే సరిపోతుంది. స్పానిష్‌లో ‘అ ల కమీస’ అన్నాక కూడా క్రియ ముందు ‘లె’ మళ్ళీ రావాలి. ‘చొక్కాకు, దానికి, గుండీ తక్కువ’ అన్నట్టు. మనకు అది పునరుక్తిలా తోచి వదిలేస్తాం. వదలకండి. మీ పనిలో రోజూ పనికొచ్చే వాక్యం ఒకటి: ‘అ ల ఫక్తూర లె ఫాల్త ఎల్ ఎర్రె ఎఫె సే’, ఇన్‌వాయిస్‌లో ఆర్‌ఎఫ్‌సీ లేదు. మెక్సికోలో పన్ను కట్టేవాళ్ళకిచ్చే నమోదు సంఖ్య అది. అక్షరాలు, అంకెలు కలిపి కంపెనీలకు 12, వ్యక్తులకు 13 ఉంటాయి. ఒక అక్షరం పడకపోతే ‘లె ఫాల్త ఉన లేత్ర’, రెండు పడకపోతే ‘లె ఫాల్తన్ దోస్ లేత్రస్’.

మూడోది వరస. మనకు క్రియ చివర రావడం అలవాటు కాబట్టి ‘దోస్ ఫక్తూరస్ ఫాల్తన్’ అని రాయబుద్ధవుతుంది. తప్పు కాదు గానీ సహజంగా ఉండదు. ఈ క్రియ సాధారణంగా ముందు నడుస్తుంది, లేని వస్తువు వెనక వస్తుంది. వినేవాళ్ళకు కొత్త సంగతి ఆ వస్తువే కదా, స్పానిష్‌లో కొత్త సంగతికి చివరి చోటు ఇస్తారు.

ఇక మీ రెండో ప్రశ్న. తెలుగు నిజంగా తప్పుదారి పట్టించేది ఇక్కడే, అందుకే కాస్త నిలబడి చూద్దాం. మిగిలి ఉన్నదాన్ని తెలుగు ‘ఉంది’ అని చెబుతుంది. ‘ఇంకా రెండు పేజీలున్నాయి’, ‘పెళ్ళికి ఇంకా వారం ఉంది’. అదే సంగతిని స్పానిష్ అవతలి ఒడ్డునుంచి చూస్తుంది. లెక్క నిండడానికి రెండు పేజీలు తక్కువ, పెళ్ళి రావడానికి వారం తక్కువ. ‘ఫాల్తన్ దోస్ పాహినస్’, ‘ఫాల్త ఉన సెమాన పర ల బోద’. ‘ఉంది’ని మాటకు మాట దింపి ‘ఐ ఉన సెమాన’ అంటే వారం అనేది ఒకటి ఎక్కడో ఉందన్నట్టు వినిపిస్తుంది, పెళ్ళికి ఎంత గడువుందో తెలియదు. కాబట్టి తెలుగులో ‘ఇంకా... ఉంది’ అని నోట్లోకి రాగానే ఆగి, ‘ఇంత తక్కువ’ అని తిరగేసుకోండి. గడియారం దగ్గర మనమే ‘తొమ్మిదికి ఐదు నిమిషాలు తక్కువ’ అంటాం కదా, ఆ అలవాటును తక్కిన చోట్లకూ సాగదీయడమే.

ఒక పని మిగిలితే రెండు రకాలుగా కట్టొచ్చు. ‘ఫాల్త రెబిసార్ దోస్ ఫక్తూరస్’ అన్నా, ‘ఫాల్తన్ దోస్ ఫక్తూరస్ పొర్ రెబిసార్’ అన్నా రెండు ఇన్‌వాయిస్‌లు చూడాల్సి ఉందనే అర్థం. మొదటిదానిలో ‘ఫాల్త’, రెండోదానిలో ‘ఫాల్తన్’ ఎందుకు? మొదటిదానిలో మిగిలింది ‘చూడడం’ అనే పని, పని ఎప్పుడూ ఏకవచనమే, ఎన్ని ఇన్‌వాయిస్‌లైనా సరే. రెండోదానిలో మిగిలినవి ఇన్‌వాయిస్‌లే. ‘పొర్’ ఉందా లేదా అన్నది చూసుకుంటే చాలు.

మీకు వచ్చిన ‘సోలొ నొస్ ఫాల్తన్ దోస్ ఫక్తూరస్’ అనే వాక్యంలో ఆ ‘పొర్’ లేదు. అందుకే అది నిజంగానే రెండు విధాలుగా అర్థమవుతుంది. ‘మాకు అందాల్సినవి రెండే తక్కువ’ అనీ కావచ్చు, ‘మేం చూడాల్సినవి ఇక రెండే’ అనీ కావచ్చు. పొరపడ్డందుకు బాధపడాల్సిన పనిలేదు, స్పానిష్ పుట్టుభాషగా ఉన్నవాళ్ళు కూడా ముందూవెనకా చూసే తేల్చుకుంటారు. పని ఎంతవరకు వచ్చిందో చెబుతున్న మెయిల్లో ‘సోలొ’ (మాత్రమే) వస్తే, పని చివరికొచ్చిందని చెప్పబోతున్నారనుకోవచ్చు. ఫలానా నెలవి, ఫలానా నంబరువి అని పేర్లు చెబితే మీ నుంచి రావాల్సినవని అనుకోవచ్చు. రెండూ లేకపోతే ఊహించకుండా అడగండి: ‘లెస్ ఫాల్తన్ పొర్ రెసిబీర్ ఒ పొర్ రెబిసార్?’, మీకు అందాల్సినవా, చూడాల్సినవా? ఒక్క వాక్యంతో తేలిపోతుంది, ఎవరూ ఏమీ అనుకోరు.

మీరు రాసేటప్పుడూ ఈ రెండర్థాలకు చోటివ్వకండి. ఇలా రాయొచ్చు: ‘నొస్ ఫాల్తన్ దోస్ ఫక్తూరస్: ల దె మార్సొ ఇ ల దె అబ్రీల్. నొస్ లస్ ప్వేదెన్ ఎంబియార్ ఓయ్, పొర్ ఫబోర్?’ మాకు రెండు ఇన్‌వాయిస్‌లు తక్కువ, మార్చిది, ఏప్రిల్‌ది. ఈరోజు పంపగలరా, దయచేసి. తప్పు వాళ్ళదని తేలకముందు ఇంకాస్త మెత్తగా ఉండాలనుకుంటే ‘నో నొస్ ఆన్ యెగాదొ’ (మాకు ఇంకా చేరలేదు) అనండి.

దీని పక్కనే ‘కెదార్’ అనే మరో క్రియ ఉంది, మిగలడం. రెంటినీ కలిపేయకూడదు. టికెట్టు 40 పెసోలు, మీ దగ్గర 30 ఉన్నాయి. ‘మె ఫాల్తన్ ద్యేస్’, పది తక్కువ. టికెట్టు 30, మీ దగ్గర 40 ఉన్నాయి. కొన్నాక ‘మె కేదన్ ద్యేస్’, పది మిగిలాయి. అంకె ఒకటే, జేబు పరిస్థితి పూర్తిగా వేరు. అవసరానికి మించి ఉన్నాయని చెప్పాలంటే ‘మె సోబ్రన్ ద్యేస్’. కాలం విషయంలో ఇది ఇంకా సున్నితం. మీటింగు మొదలవడానికి పది నిమిషాలుంటే ‘ఫాల్తన్ ద్యేస్ మినూతొస్ పర ల రెఉన్యోన్’. మీటింగు మధ్యలో ఉండి, ముగియడానికి పది నిమిషాలుంటే ‘కేదన్ ద్యేస్ మినూతొస్ దె రెఉన్యోన్’. తెలుగులో రెంటికీ ‘ఇంకా పది నిమిషాలుంది’ అనేస్తాం. ముందుకు చూసి రావాల్సినదాన్ని కొలిస్తే ‘ఫల్తార్’, చేతిలో ఉన్నదాన్ని కొలిస్తే ‘కెదార్’. ‘పర’ అయితే మొదటిది, ‘దె’ అయితే రెండోది అని గుర్తు పెట్టుకున్నా చాలావరకు నడుస్తుంది.

టైము చెప్పేటప్పుడు ప్రాంతాన్ని బట్టి తేడా ఉంది. మెక్సికోలో ‘ఫాల్తన్ ద్యేస్ పర లస్ ఓచొ’ అనో, క్రియ లేకుండా ‘ద్యేస్ పర లస్ ఓచొ’ అనో వింటారు. స్పెయిన్‌లో ‘లస్ ఓచొ మేనొస్ ద్యేస్’, ఎనిమిదిలోంచి పది తీసేసినట్టు. మీ క్లయింట్లు మెక్సికోవాళ్ళు కాబట్టి మొదటి పద్ధతే అలవాటు చేసుకోండి. జరిగిపోయిన కాలంలో గడియారం సంగతి చెబితే ఎప్పుడూ ‘ఫల్తాబన్’: ‘ఫల్తాబన్ ద్యేస్ మినూతొస్ క్వాందొ యమారొన్’, వాళ్ళు ఫోన్ చేసేసరికి పది నిమిషాలుంది. ఇక్కడ ‘ఫల్తారొన్’ పొసగదు. ‘ఫల్తో పోకొ’ మాత్రం వేరే రుచి: ‘ఫల్తో పోకొ పర కె సె కయేర’ అంటే కొద్దిలో తప్పింది, లేకపోతే పడిపోయేవాడే.

ఆ ‘తప్పడం’ అనే మాటే మూడో అర్థానికి తాళంచెవి. ఇక్కడిదాకా వస్తువు కర్త, మనిషికి ‘కు’. మనిషే కర్తగా నిలబడి, తర్వాత ‘అ’ వస్తే ‘తక్కువ’ను పక్కన పెట్టి ‘తప్పు’ను తీయండి. ‘ఆన ఫల్తో అల్ త్రబాహొ అయేర్’, ఆన నిన్న పనికి రాలేదు. ‘నో ఫల్తో ని ఉన్ దీఅ’, ఒక్క రోజూ తప్పలేదు. ‘ఫల్తో అ సు పలాబ్ర’, మాట తప్పాడు. ‘ఫల్తార్ అ ల బెర్దాద్’, నిజం తప్పడం. ‘మన్యాన సిన్ ఫాల్త’, రేపు తప్పకుండా. ఈ ‘సిన్ ఫాల్త’లోని ‘ఫాల్త’ నామవాచకం. లోపం, తప్పు, గైర్హాజరు అన్నీ అదే. అక్షరదోషం ‘ఫాల్త దె ఒర్తొగ్రఫీఅ’, ఫుట్‌బాల్‌లో ఫౌల్ కూడా ‘ఫాల్త’యే. మోసగించడం, దారి తప్పించడం అనే అర్థాలున్న లాటిన్ ‘ఫల్లెరె’ దీని మూలం. ఇంగ్లీషు ‘ఫాల్ట్’, ‘ఫెయిల్’ దీని చుట్టాలే. తెలుగు కూడా తప్పిపోవడాన్నీ తప్పు చేయడాన్నీ ఒకే ధాతువులోంచి పుట్టించింది కాబట్టి మనకిది వింతగా తోచదు.

‘ఫల్తార్ అ’ రాలేదని మాత్రమే చెబుతుంది, ఎందుకు రాలేదో చెప్పదు. జ్వరమొచ్చి రాకపోయినా ‘ఫల్తో’, డుమ్మా కొట్టినా ‘ఫల్తో’. డుమ్మా అని గట్టిగా చెప్పాలంటే ఊరికో మాట ఉంది: మెక్సికోలో ‘ఈర్సె దె పీంత’, స్పెయిన్‌లో ‘అసేర్ నొబీయొస్’.

వీడియో కాల్లో అందరూ చేరారా అని చూసేటప్పుడు మాత్రం మళ్ళీ మొదటి కట్టుకే వస్తాం. ‘ఫాల్త ఆల్గ్యెన్?’, ఇంకెవరైనా రావాలా? ‘ఫాల్త ఆన’, ఆన రావాలి. ‘సోలొ ఫాల్తస్ తూ’, నువ్వొక్కదానివే తక్కువ. ఇక్కడ మనుషులే లెక్కకు తక్కువైన వస్తువులు. ‘ఆన నో ఎస్తా’ అంటే ఆన ఇక్కడ లేదు, అంతే. రావాల్సి ఉందో లేదో ఆ వాక్యం చెప్పదు. ‘ఫాల్త ఆన’ అంటే ఆమె కోసం ఎదురుచూస్తున్నారు. మన ‘లేదు’ ఈ తేడాలన్నిటినీ కప్పేస్తుంది. పాలు లేవు అంటే ‘నో ఐ లేచె’, ఉన్న సంగతి చెప్పడం. ‘ఫాల్త లేచె’ అంటే పాలు ఉండాల్సింది, లేవు, తేవాలి. పులుసు రుచి చూసి ‘లె ఫాల్త సాల్’ అంటే చెంచాడు ఉప్పు వేయమని చెప్పినట్టే. ఉండాల్సిందే అనే ఆశ లేనిచోట ఈ క్రియ రాదు. మీ బల్లమీద ఏనుగు లేదు, అయినా ‘ఫాల్త ఉన్ ఎలెఫాంతె’ అని ఎవరూ అనరు.

‘అసేర్ ఫాల్త’ గురించి ఒక్క మాట, ఎందుకంటే ‘ఫల్తార్’ అనుకుని దీన్ని వాడేవాళ్ళున్నారు. దీనర్థం అవసరం, కావాలి. ‘నొస్ ఆసె ఫాల్త ల ఫీర్మ’, మాకు సంతకం కావాలి. వ్యతిరేకంలో అచ్చంగా మన ‘అక్కర్లేదు’: ‘నో ఆసె ఫాల్త’. ‘మీరు పంపనక్కర్లేదు’ అనాలంటే ‘నో ఆసె ఫాల్త కె లొ ఎంబీఎన్’. ‘కె’ తర్వాత క్రియ ‘ఎంబీఅన్’ కాదు, ‘ఎంబీఎన్’ అని మారుతుంది. ‘నో ఫాల్త’ వేరు, దానర్థం ‘లోటు లేదు, ఉంది’. ఈ రెంటినీ తారుమారు చేస్తే పత్రం అవసరం లేదని చెప్పబోయి, పత్రం ఉందని చెప్పినట్టవుతుంది.

ఇప్పుడు వీడ్కోలు. ‘లెస్ ఫాల్తొ మూచొ’లో కర్త మళ్ళీ తిరగబడింది. ‘మీ అందరికీ నేను లేని లోటు చాలా ఉంది’ అని మీ గురించి మీరే చెప్పుకున్నట్టుంది. అంతకంటే ఇబ్బంది ఇంకోటుంది. ఒకరికి ‘ఫల్తార్’ చేయడమంటే వాళ్ళను అమర్యాద చేయడమనే అర్థం కూడా ఉంది, ‘ఫల్తార్ అల్ రెస్పేతొ’కు పొట్టి రూపంలా. చదివేవాళ్ళు ఒక్క క్షణమైనా తడబడతారు. చివరి అచ్చు మీద గీత పొరపాటున పడి ‘లెస్ ఫల్తో మూచొ’ అయితే ‘వాళ్ళు చేయాల్సింది చాలా మిగిలిపోయింది’ అని ఇంకెక్కడికో పోతుంది.

దీనికంతా మూలం మన తెలుగులోనే తిష్ఠవేసిన ‘మిస్’. బస్సు మిస్ అయ్యాం, కాల్ మిస్ అయింది, ఫైలు మిస్సింగ్, నిన్ను మిస్ అవుతున్నా, అన్నిటికీ అదే. స్పానిష్‌లో ఇవి వేర్వేరు ఇళ్ళు. బస్సు ‘పెర్దేర్’: మెక్సికోలో ‘పెర్దీ ఎల్ కమ్యోన్’ (స్పెయిన్‌లో ‘కమ్యోన్’ అంటే లారీ, అక్కడ ఈ మాట అనకండి). మిస్డ్ కాల్ ‘యమాద పెర్దీద’. కనబడకుండా పోయిన మనిషి ‘దెసపరెసీదొ’. ఫైలు ఒక్కటే ‘ఫల్తార్’. మనుషుల మీద బెంగకు మెక్సికోలో ‘ఎస్త్రన్యార్’, స్పెయిన్‌లో ‘ఎచార్ దె మేనొస్’.

కాబట్టి ఇలా రాయండి: ‘లొస్ బోయ్ అ ఎస్త్రన్యార్ మూచొ’. ఇక్కడ ‘లెస్’ కాదు, ‘లొస్’, ఎందుకంటే ఈ క్రియలో బెంగ పెట్టుకునేది మీరు, వాళ్ళు కర్మ. టీములో అందరూ ఆడవాళ్ళే అయితే ‘లస్’. ఇంకాస్త ఆత్మీయంగా ఉండాలంటే మెక్సికోలో చక్కగా నప్పే మాట ‘మె బాన్ అ అసేర్ మూచ ఫాల్త’, మీరు లేని లోటు నాకు చాలా తెలుస్తుంది. ఇందులో ‘మూచొ’ కాదు ‘మూచ’, ఎందుకంటే ఇక్కడి ‘ఫాల్త’ స్త్రీలింగ నామవాచకం. తెలుగులో ‘వెలితి’ అన్నప్పుడు ఉండే బరువు దీనిలో ఉంది.

ఆ మెయిల్‌కు జవాబుగా వాళ్ళు ఇన్నాళ్ళ సాయానికి కృతజ్ఞతలు చెబితే, ‘నో ఫల్తాబ మాస్!’ అనండి. మనం ‘అయ్యో, ఎంత మాట!’ అనే చోట వాళ్ళనే మాట అదే.